బిడ్డ పుట్టే తేదీకి మీ ఫారంలో ఒక గడి పెట్టండి

కేంద్ర సాయుధ బలగాల శిక్షణ కేంద్రాలను నడిపే కమాండెంట్ గార్లకు, రిక్రూట్ల సెలవు కాగితాల మీద సంతకం పెట్టే పెద్దలందరికీ,

నమస్కారం.

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. దాంట్లో రెండు కాగితాలున్నాయి. ఒకటి మా ఆయనకు వచ్చిన జాయినింగ్ లెటర్. ఇంకొకటి ఆశ వర్కర్ ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు. ఆయన శిక్షణ 44 వారాలు. కార్డు లెక్కన నా కడుపు 40 వారాలు. ఆయన సికింద్రాబాద్‌లో రైలెక్కిన నాటికి నాకు ఎనిమిదో వారం నడుస్తోంది. అంటే ఆయన శిక్షణ 32వ వారానికి వచ్చేసరికి నా కాన్పు తేదీ వస్తుంది. ఈ లెక్క మా మామ గోడ మీది క్యాలెండర్ ఒక్కో నెలా తిప్పుతూ ఐదు నిమిషాల్లో చెప్పేశారు. ఆయన చదివింది నాలుగో తరగతి. శిక్షణ కేంద్రంలో మాత్రం ఈ లెక్క ఎవరూ వేయలేదు, ఎందుకంటే ఆ తేదీ ఎంతని ఎవరూ అడగలేదు.

మాది కల్వకుర్తి దగ్గర ఊరు. మా పుట్టిల్లు డిండి మండలంలో. కల్వకుర్తిలో మీసేవా సెంటర్‌లో పని చేస్తాను. పొద్దంతా కులం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు, జనన మరణ ధ్రువపత్రాల దరఖాస్తులు నింపడమే నా పని. ఆఫీసుల సంగతి ఈ పనిలోనే నాకు తెలిసింది. ఫారంలో గడి ఉన్న విషయం ఆఫీసుకు తెలుస్తుంది. గడి లేని విషయం ఎంత పెద్దదైనా బయట నిలబడే ఉంటుంది.

మా ఆయన చేరిన రోజు నింపిన ఫారాల గురించి ఫోన్‌లో అడిగి తెలుసుకున్నాను. ఒంటి మీద పుట్టుమచ్చలు రెండు ఎక్కడున్నాయో అడిగారు. నామినీ పేరు, బ్యాంకు ఖాతా, కేసులేమైనా ఉన్నాయా అని అడిగారు. పెళ్లయిందా అని అడిగారు, భార్య పేరు రాయమన్నారు. భార్య గర్భవతా, అయితే డాక్టరు ఏ తేదీ ఇచ్చారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. చచ్చిపోతే డబ్బు ఎవరికి ఇవ్వాలో రాసుకున్నారు. అది రాసుకోవాల్సిందే, తప్పేమీ లేదు. దాని కింద ఇంకొక గీత గీసి ఈ తేదీ కూడా రాసుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

రిక్రూట్ అంటే పద్దెనిమిదేళ్ల పిల్లవాడు, పెళ్లీ పిల్లలూ లేనివాడు అన్న లెక్కలో శిక్షణ కేంద్రాలు నడుస్తున్నట్టు నాకు అనిపిస్తుంది. అగ్నివీర్ అయితే ఆ లెక్క సరే. 2022లో ఆ పథకం వచ్చినప్పుడే పెళ్లికాని వాళ్లనే తీసుకుంటామన్నారు. బలగాల కానిస్టేబుల్ ఉద్యోగాలు అలా కాదు. 18 నుంచి 23 ఏళ్లు, బీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. అంటే మా వైపు నుంచి వచ్చే పిల్లల్లో 26, 28 ఏళ్ల వాళ్లు కూడా ఉంటారు. మా పల్లెల్లో ఆ వయసుకు పెళ్లి కాకుండా ఎంతమంది ఉంటారు? పైగా నోటిఫికేషన్ పడ్డాక రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, మెడికల్, ఫైనల్ లిస్టు అంటూ మా ఆయనకు ఏడాదిన్నర పట్టింది. అప్లికేషన్ పెట్టిన రోజు ఆయన బ్రహ్మచారి. జాయినింగ్ లెటర్ వచ్చిన రోజు తండ్రి కాబోతున్నాడు.

ఆ ఏడాదిన్నరా ఆయన ఎలా కష్టపడ్డాడో చెప్పకపోతే నేను చెప్పేది ఒకవైపు మాటే అవుతుంది. 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. తెల్లవారుజామున నాలుగింటికి శ్రీశైలం రోడ్డు అంచున లారీల లైట్ల మధ్య పరుగెత్తేవాడు. పెళ్లయిన కొత్తలో నేను కూడా బండి మీద వెనకాలే వెళ్లి ఫోన్‌లో టైం చూసేదాన్ని. మొదట్లో 27 నిమిషాలు. పరీక్షకు వారం ముందు 22 నిమిషాల 40 సెకన్లు. ఆ ఉద్యోగం మా ఇద్దరిదీ. శిక్షణ తేలిక చేయమని గానీ, మా ఆయనను మిగతావాళ్ల కంటే మెత్తగా చూడమని గానీ నేను అడగడం లేదు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. యూనిఫాం వేసుకుంటే ఏమేం వదులుకోవాల్సి వస్తుందో ఈ ప్రాంతం ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అసలు జరిగింది చెబుతాను. కేంద్రం పేరు రాయను. ఇది ఒక్క కేంద్రం సంగతి కాదని, ఆయన బ్యాచ్‌మేట్ల భార్యలతో, వేరే బలగాల్లో చేరినవాళ్ల ఇళ్లవాళ్లతో మాట్లాడాక తెలిసింది.

శిక్షణ మధ్యలో అందరికీ పది రోజుల సెలవు ఇచ్చారు. అది 22వ వారంలో వచ్చింది. అప్పటికి నాకు ఏడో నెల నిండింది. ఆయన వచ్చారు, శ్రీమంతం చేశారు, గాజులు తొడిగారు, మా పుట్టింట్లో దింపి వెళ్లిపోయారు. సంతోషమే. కానీ వెళ్లేముందే, ఇదే పది రోజులు నాకు ఇప్పుడు వద్దు, కాన్పు వేళకు ఇవ్వండి అని ఆయన అడిగి చూశారు. కుదరదు, సెలవు బ్యాచ్ మొత్తానికి ఒకటే అన్నారు. తిరిగి వెళ్లాక 25వ వారంలో అర్జీ పెట్టుకున్నారు. నోటిమాటగానే జవాబు వచ్చింది. వెళ్లాలంటే వెళ్లు, తిరిగొచ్చాక కింది బ్యాచ్‌లో వేస్తాం. రాతలో ఏమీ ఇవ్వలేదు. రెలిగేషన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? తోటివాళ్లు పాసయిపోయి వెళ్తుంటే మళ్లీ మొదలుపెట్టడం, సీనియారిటీ పోవడం, ఇంటికి ఇంకొన్ని నెలలు దూరం. ఆయన ఆగిపోయారు. నేనే ఆగమన్నాను.

నా కడుపు 37వ వారంలో ఒక బుధవారం నా కాళ్లు, మొహం వాచాయి. కళ్ల ముందు మెరుపుల్లాగా కనిపించాయి. ఏఎన్ఎమ్ వచ్చి బీపీ చూసి, ఇంకోసారి చూసి, ఏమీ మాట్లాడకుండా 108కి ఫోన్ చేసింది. 160 మీద 110. టౌన్ ఆసుపత్రిలో ఒక ఇంజక్షన్ ఇచ్చి నల్గొండకు రాశారు. ఈ జబ్బుకు బిడ్డను బయటికి తీయడమే మందు అని డాక్టరమ్మ మా అమ్మతో చెప్పింది. ఆ దారి పొడుగునా నేను ఒకటే అడిగానట, ఆయనకు ఫోన్ చేశారా అని.

ఆపరేషన్‌కు ముందు నర్సు కాగితం పట్టుకొచ్చింది. భర్త ఎవరు అని అడిగింది. మా నాయిన ముందుకొచ్చి, "అల్లుడు ట్రైనింగ్‌ల ఉన్నడమ్మా" అన్నాడు. అయితే మీరు పెట్టండి అంది. మా నాయినకు సంతకం వచ్చు గానీ ఒక్కో అక్షరం రాసి కూడబలుక్కోవాలి. నేను స్ట్రెచర్ మీద నుంచి చూస్తున్నాను. పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఇంటిపేరులో మొదటి అక్షరం రాసి ఆగాడు. నర్సు తొందరపెట్టలేదు, పాపం. చివరి అక్షరం గడి దాటి బయటికి పోయింది. ఆ కాగితంలో ఏం రాసి ఉందో ఆయన చదవలేదు, చదివినా ధైర్యం ఉండేది కాదు.

రాత్రి 11 గంటల 50 నిమిషాలకు పాప పుట్టింది. 1 కిలో 900 గ్రాములు. ఏడ్చింది గానీ బలంగా ఏడవలేదు. నేను కళ్లు తెరిచేసరికి పక్కన లేదు, పసిపిల్లల ప్రత్యేక వార్డులో గాజు పెట్టెలో పెట్టారు.

ఇంత తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఎవరైనా ఒంటికి ఒళ్లు ఆనించి గుండెల మీద పెట్టుకోవాలని చెప్పారు. వెచ్చదనం ఉంటుంది, ఊపిరి కుదురుగా ఆడుతుంది అన్నారు. తల్లి చేయాలి, తల్లికి వీలుకాకపోతే తండ్రి చేయాలి. నాకు బీపీ దిగలేదు, కుట్ల నొప్పికి పక్కకు తిరగలేను. అమ్మ నన్ను వదిలి కదల్లేని పరిస్థితి. "తండ్రిని రమ్మనండి" అని లోపలి నుంచి కబురు వచ్చిన ప్రతిసారీ మా నాయినే వెళ్లాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. స్నానం చేసి, చొక్కా గుండీలు విప్పి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే పాపను ఛాతీ మీద పెట్టి పైన గుడ్డ చుట్టేవారట. బీడీ వాసన పాపకు పడదని ఆ ఆరు రోజులూ బీడీ ముట్టలేదు. చెమట పడితే పాప జారుతుందేమోనని భయపడి తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, రెండేసి గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవలసిన మనిషి ఆ వేళకు ఫైరింగ్ రేంజిలో ఉన్నాడు.

ఇక ఫోను. రిక్రూట్ల ఫోన్లు తీసిపెట్టుకుంటారు, ఆదివారం రెండు గంటలు ఇస్తారు. దానికీ కారణం ఉంటుంది, నేను కాదనను. అందుకే ఏదైనా అర్జెంటైతే కంపెనీ ఆఫీసు నంబరుకు చేయమని ఆయన ముందే రాసిచ్చారు. బుధవారం సాయంత్రం నుంచి మా నాయిన ఆ నంబరుకు చేస్తూనే ఉన్నాడు. మోగి మోగి ఆగిపోయేది. గురువారం పొద్దున ఒకాయన ఎత్తాడు. హిందీలో మాట్లాడాడు. మా నాయినకు వచ్చిన హిందీ అంగట్లో ఎడ్ల బేరం వరకే. బిడ్డ, ఆసుపత్రి, ఆపరేషన్ అని తనకొచ్చిన మాటలన్నీ చెప్పాడు. అవతలాయన మర్యాదగానే విన్నాడట, చెప్తాను అన్నాడట. ఆ సాయంత్రం రోల్‌కాల్‌లో మా ఆయనకు అందిన కబురు ఇంతే: నీ భార్యను ఆసుపత్రిలో చేర్చారు.

పాప పుట్టిందని గానీ, నేను బతికి ఉన్నానని గానీ దాంట్లో లేదు.

ఆ వారమే వాళ్లకు ఫైరింగ్ పరీక్షలు. గురువారం రాత్రి, శుక్రవారం, శనివారం రాత్రి. ట్రిగ్గర్ నొక్కే ముందు ఊపిరి బిగబట్టి గురి చూడమని నేర్పుతారట. మొదటిసారి మా ఆయన ఫెయిలయ్యారు. అంతకుముందు ఆ కంపెనీలో మంచి గురి ఉన్న పదిమందిలో ఆయనొకడు. సార్, కాల్చడంలో తప్పు పోతే ఇంకోసారి కాలుస్తారు. నిండు తుపాకీ చేతిలో ఉన్నవాడి ధ్యాస వేరే చోట ఉంటే పక్కవాడికి కూడా ప్రమాదమే కదా? రేంజిలో భద్రత గురించి మీరు తీసుకునే జాగ్రత్తల్లో ఇది కూడా లెక్కలోకి రావాలని నాకు అనిపిస్తుంది.

ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేతికొచ్చింది. నలభై మిస్డ్ కాల్స్, మా తమ్ముడు వాట్సాప్‌లో పంపిన పాప ఫొటో. పుట్టిన 82 గంటలకు ఆయన తండ్రినయ్యానని తెలుసుకున్నారు. ఏడుస్తూ ఉంటే వాళ్లకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ చూసి, సంగతి విని, ఫోను ఆ రోజంతా నీ దగ్గరే ఉంచుకో అన్నారట. పక్కన కూర్చుని, నా కొడుకును నేను ఐదో నెలలో చూశాను అని చెప్పారట. ఆ ఉస్తాద్‌కు ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను. ఆయన మనసు మంచిది. ఆయన మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది కూడా. మేమూ ఇట్లాగే పడ్డాం అని ఒక్కో బ్యాచ్ తర్వాతి బ్యాచ్‌కు చెప్పుకుంటూ పోతే ఇది ఎప్పుడు మారాలి?

మా ఆయన నానమ్మ ఉంది, అందరం అవ్వ అంటాం. ఎనభై దాటాయి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు కదా, ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా మావాళ్ల చెమట ఉంటుంది. మా మామ పుట్టినప్పుడు తాత శ్రీశైలం డ్యాం పనిలో ఉన్నాడట. ఊరికి వచ్చిన మనిషితో అవ్వ కబురు పంపితే, అది తాతకు అంది ఆయన ఇల్లు చేరేసరికి పిల్లవాడికి తొట్లెల కూడా వేసేశారట. "పీర్ల పండుగకు ఇడిసిపెట్టెటోడు మేస్త్రీ. కాన్పుకు ఇడిసిపెట్టకపోతుండె" అని చెబుతుంది అవ్వ. నా సంగతి విని, "నీకు ఫోనుండె గదనే బిడ్డా, నీ కబురెందుకు ఆలిశమాయె?" అని అడిగింది. నేనేం చెప్పను? ఫోను పెట్టెలో పెట్టి తాళం వేశారవ్వా అన్నాను.

ఇంతా చెప్పి ఒక మంచి సంగతి దాచకూడదు. మా ఆయన బ్యాచ్‌లోనే ఒక రాజస్థాన్ కుర్రాడి తండ్రి హఠాత్తుగా చనిపోయారు. కబురొచ్చిన గంటలో ఆ కుర్రాడిని పిలిచి మెల్లగా చెప్పారు. రాత్రికి రాత్రే వాహనంలో స్టేషన్‌కు పంపారు. టికెట్ డబ్బులు తోటివాళ్లు, ఉస్తాద్‌లు కలిసి వేసుకున్నారు. పన్నెండు రోజులకు తిరిగొస్తే కింది బ్యాచ్‌లో వేయలేదు, పోయిన పాఠాలు సాయంత్రాలు చెప్పించారు. విని నా కళ్లు తడిశాయి. అంటే చేయగలరు. ఫోను ఎత్తగలరు, కబురు చెప్పగలరు, పాఠాలు పూడ్చగలరు, అదే కేంద్రంలో, అదే కంపెనీలో. చావు ఎవరికీ చెప్పిరాదు, అయినా దానికి మీ దగ్గర ఏర్పాటు ఉంది. కాన్పు ఏడు నెలల ముందే తేదీ చెప్పి వస్తోంది. రెండు వారాలు అటూ ఇటూ అవుతుంది, మాలాగా మూడు వారాల ముందు కూడా రావచ్చు. కానీ అసలు వస్తుందని తెలియక పోవడం మాత్రం ఉండదు.

చివరకు రూలు సంగతి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీసేవాలో పని లేని ఒక మధ్యాహ్నం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సెలవు నిబంధనలు, 1972 తెరిచి ఒక్కో పేజీ చదివాను. 43-ఏ నిబంధన దగ్గర ఆగిపోయాను. భార్య కాన్పుకు మగ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు. బతికున్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉండాలి. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, కాన్పయిన ఆరు నెలల లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. వేరే సెలవుతో కలుపుకోవచ్చు. మామూలుగా అయితే దీన్ని ఏ పరిస్థితిలోనూ నిరాకరించకూడదని కూడా అక్కడే ఉంది. ఇంకొక మాట ఉంది, అది నేను నాలుగుసార్లు చదివాను. మగ ఉద్యోగి అని రాసి, పక్కనే బ్రాకెట్లో అప్రెంటిస్ కూడా అని రాశారు. పని నేర్చుకుంటున్నవాడికి కూడా బిడ్డ పుడుతుందని ఈ రూలు రాసిన వాళ్లకు గుర్తుంది.

ఆరు నెలల్లోపు వాడుకోకపోతే ఆ సెలవు పోయినట్టే. నేను ఈ రూలు చదివిన రోజుకు మా పాపకు ఏడో నెల. శిక్షణ అయ్యాక ఆయన ఇంటికి వచ్చినప్పుడు పాపకు మూడున్నర నెలలు. అప్పుడైనా ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో పదిహేను రోజులు కలిసేవి. ఎవరూ చెప్పలేదు, ఆయనకు తెలియదు, అడగలేదు, యూనిట్‌కు వెళ్లిపోయారు. ఆయన ఇంట్లోకి వచ్చిన రోజు పాపను పేరు పెట్టి పిలిస్తే, పాప ఆయన వైపు చూడలేదు. నా చేతిలో ఉన్న ఫోను వైపు చూసింది. ఆ గొంతు ఎప్పుడూ అందులోంచే వచ్చేది మరి.

మీ ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. స్క్వాడ్ అంతా ఒకటిగా నడవాలి, ఆయుధం పాఠాలు వరసగా జరగాలి, ఒకడికి ఇస్తే ఇంకొకడు అబద్ధం చెప్పి అడుగుతాడు. అబద్ధానికి మాత్రం ఇక్కడ చోటు లేదు. ప్రభుత్వమే ఇచ్చిన కార్డు ఉంది, దాని మీద ఏఎన్ఎమ్ రాసిన ఈడీడీ, అంటే కాన్పు తేదీ, ఉంది, మూడో నెల నుంచే స్కానింగ్ రిపోర్టు ఉంటుంది. చేరిన రోజే దాని జిరాక్స్ తీసుకోండి. బ్యాచ్‌లో ఇలాంటి వాళ్లు పదిమంది ఉంటారేమో. వాళ్ల తేదీలు శిక్షణ క్యాలెండర్ పక్కన రాసుకుంటే, ఎవరికి ఏ వారంలో ఏ పాఠం పోతుందో ముందే తెలుస్తుంది. ఫైరింగ్‌లో, డ్రిల్లులో వెనకబడిన వాళ్లకు మీరు ఎలాగూ అదనపు క్లాసులు పెడతారు, వీళ్లనూ వాటిలో కూర్చోబెట్టండి. పూర్తి పదిహేను రోజులు శిక్షణలో కుదరదంటే మధ్యలో ఇచ్చే ఆ పది రోజులనైనా వాళ్ల తేదీకి జరపండి, 43-ఏ సెలవును శిక్షణ ముగిసిన రోజున మీరే గుర్తుచేసి ఇవ్వండి. కాన్పు కోసం వెళ్లినవాణ్ని కింది బ్యాచ్‌లో వేయబోమని ఒక్క ముక్క రాతలో పెట్టండి, నోటిమాట వద్దు. ఇక తేదీ దగ్గరపడిన ఆ రెండు మూడు వారాలు ఆ మనిషి ఫోను ఉస్తాద్ దగ్గరైనా ఆన్‌లో ఉండనివ్వండి.

ఫోను ఎత్తే మనిషి గురించి కూడా. 2024 నుంచి కానిస్టేబుల్ పరీక్ష తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు. మంచి పని చేశారు, అందువల్లే మా ఆయనలాంటి తెలుగు మీడియం పిల్లలు ధైర్యంగా రాశారు. పరీక్ష తెలుగులో రాసి వచ్చినవాడి తండ్రీ మామా హిందీలో మాట్లాడలేరు. కేంద్రంలో తెలుగు వచ్చిన జవాను ఒక్కడైనా ఉండకపోడు. కబురు వచ్చినప్పుడు అతన్ని పిలిపించి ఫోను అతనికిస్తే చాలు, సగం కబురు పూర్తి కబురవుతుంది.

ఆడవాళ్ల విషయంలో మీ నిబంధనలు కడుపును లెక్కలోకి తీసుకుంటాయి. 12 వారాలు దాటిన గర్భం ఉంటే తాత్కాలికంగా పక్కన పెట్టి, కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ మెడికల్ చేస్తారు. ఉద్యోగంలో ఉంటే 180 రోజుల ప్రసూతి సెలవు. 2023 నవంబర్‌లో సైన్యంలో కూడా ఆఫీసర్లకు ఉన్న ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవులే మహిళా సైనికులకూ వర్తిస్తాయని రక్షణ మంత్రి ఆమోదించారు. అవన్నీ చాలా ఏళ్లు అడగ్గా అడగ్గా వచ్చినవే అనుకుంటాను. బలగంలో ఉన్న ఆడమనిషి కడుపు కనిపించినట్టు, బలగంలో ఉన్న మగమనిషి ఇంట్లో ఉన్న కడుపు కూడా మీకు కనిపించాలి.

మా ఆయన ఇప్పుడు యూనిట్‌లో ఉన్నారు, బాగానే ఉన్నారు. పాపకు పది నెలలు, గోడ పట్టుకుని నిలబడుతోంది. మాకు పోయిన రోజులు తిరిగి రావు, వాటి కోసం నేను రాయడం లేదు.

పోయిన సోమవారం మా సెంటర్‌కు వంగూరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆమె భర్తకు సెలక్షన్ వచ్చింది, వచ్చే నెలలో చేరాలి, నివాస ధ్రువపత్రం కావాలని. సంచిలోంచి కాగితాలు తీస్తుంటే తల్లీబిడ్డల కార్డు కూడా బయటపడింది. మూడో నెల. నేను ఆ కార్డు తీసుకుని తేదీ చూశాను. వేళ్ల మీద లెక్కపెట్టాను. శిక్షణ 27వ వారంలో వస్తుంది. రూలు 43-ఏ పేజీని ప్రింటు తీసి, కార్డు జిరాక్స్‌తో కలిపి పిన్ను కొట్టి ఆమె చేతిలో పెట్టాను. చేరిన రోజే మీ ఆయనతో ఇది ఆఫీసులో ఇప్పించు, తీసుకున్నట్టు సంతకం అడగమను అన్నాను. "తీసుకుంటరా అక్కా?" అని అడిగింది.

వచ్చే నెల ఆ కాగితాలు మీలో ఎవరో ఒకరి టేబుల్ మీదికి వస్తాయి. దయచేసి తీసుకోండి.

ఇట్లు,
ఒక జవాను భార్య,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా